లాస్ట్ కాంటినెంట్‌లో మిగిలిన భాగాన్ని ఎలా మార్చాలి? మీ ప్లాన్ చెప్పండి

#1 నీటిసుడి

ఫ్లోరిడాలోని ఒర్లాండోలో యూనివర్సల్ వాళ్ల థీమ్ పార్కు ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కి ఎప్పుడు వెళ్లినా నా కాళ్లు ఒకచోట ఆగిపోతాయి. డాక్టర్ స్యూస్ పిల్లల పుస్తకాల మీద కట్టిన స్యూస్ ల్యాండింగ్ రంగులు దాటి కాస్త ముందుకెళ్తే రాళ్లు, విరిగిన స్తంభాలు, నీళ్ల చప్పుడు. అదే లాస్ట్ కాంటినెంట్, ఆ పార్కులో ఒక ల్యాండ్, అంటే ఒకే కథాలోకంగా కట్టిన భాగం. ఇప్పుడు అక్కడ ఎవరూ ఆగడం లేదు, అందరూ పక్కనున్న హ్యారీ పాటర్ ల్యాండ్ హాగ్స్‌మీడ్ వైపు సాగిపోతున్నారు. ఆగినా చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఈ ల్యాండ్ కథ తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1999 మే 28న పార్కు తెరిచినప్పుడు ఇందులో మూడు పేటలుండేవి: మెర్లిన్‌వుడ్, లాస్ట్ సిటీ, సింద్‌బాద్ బజార్. మెర్లిన్‌వుడ్‌ని 2010లో హ్యారీ పాటర్ ల్యాండ్ తీసుకుంది. సింద్‌బాద్ స్టంట్ షో 2018 సెప్టెంబరులో ఆగిపోయింది. గ్రీకు సముద్రదేవుడు పొసైడన్ పేరుతో నడిచిన షో పొసైడన్స్ ఫ్యూరీ 2023 మేలో మూతపడింది. ఇక చెప్పుకోదగ్గది మైథోస్ రెస్టారెంట్ ఒక్కటే.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ముందున్న పోర్ట్ ఆఫ్ ఎంట్రీని పక్కనపెడితే, ఆ పార్కులో సినిమా మీదా కామిక్ మీదా ఒక రచయిత పుస్తకం మీదా ఆధారపడని ల్యాండ్ ఇదొక్కటే. పురాణగాథల మీద కట్టారు. నా ప్లాన్ ఏమిటంటే, ఆ గాథలు అలాగే ఉండాలి. పొసైడన్ బిల్డింగ్ ఉన్నచోట అన్ని వయసులవాళ్లూ ఎక్కగలిగే ఇండోర్ పడవ రైడ్ రావాలి. సింద్‌బాద్ షో ఉన్నచోట నీడ, నీళ్లు, కూర్చునే చోటు ఉన్న బజారు రావాలి. మైథోస్‌ని ముట్టుకోకూడదు.

మీరైతే ఏం చేస్తారు? కారణంతో సహా రాయండి.

#2 కోస్టర్ కుర్రాడు

అన్నా, పక్కనే హాగ్స్‌మీడ్ ఉంది కదా. గోడ కొట్టేసి పాటర్‌కే ఇచ్చేస్తే సరిపోతుంది. జనం వచ్చేది దానికోసమే.

#3 రాతిమెట్లు

కుర్రాడు గారూ, పాటర్ నాకూ ఇష్టమే. కానీ లెక్క చూడండి. 2010లో హాగ్స్‌మీడ్, 2014లో పక్క పార్కులో డయాగన్ ఆలీ, 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో మినిస్ట్రీ ఆఫ్ మ్యాజిక్. ఒకే ఊళ్లో మూడు పార్కుల్లో ఇప్పటికే మూడు ల్యాండ్లున్నాయి. నాలుగో ముక్క కోసం ఎవరైనా విమానం టికెట్ కొంటారా?

ఈ స్థలంలోనే మనకు ఒక పాఠం కూడా ఉంది. మెర్లిన్‌వుడ్‌లో డ్యూయలింగ్ డ్రాగన్స్ అని జంట కోస్టర్లుండేవి. ఒకటి అగ్ని, ఒకటి మంచు, రెండూ ఎదురెదురుగా దూసుకొచ్చి గాల్లో తప్పుకునేవి. పాటర్ వచ్చినప్పుడు వాటికి డ్రాగన్ ఛాలెంజ్ అని పేరు మార్చి, క్యూలో సామాను మార్చి, పట్టాలు అవే ఉంచారు. ప్రయాణికులకు గాయాలయ్యాక 2011లో రెండు రైళ్లనూ ఒకేసారి వదలడం మానేశారు. ఆ ఎదురుబొదురు ఆటే పోయాక పేరుకి అర్థం మిగల్లేదు. 2017లో మూసేశారు. అదే చోట మొత్తం కొత్తగా కట్టిన హాగ్రిడ్ మోటర్‌బైక్ రైడ్ 2019 జూన్‌లో తెరిస్తే మొదటి రోజు క్యూ పది గంటలు దాటింది. పైపూతకీ, మొదటినుంచి ఆలోచించి కట్టినదానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

#4 ఇద్దరు పిల్లల తల్లి

ఏ కథ పెట్టాలన్నది మీరు తేల్చండి. నేను మాత్రం ఎత్తు కొలిచే కర్ర దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను.

ఆ పార్కులో హల్క్ కోస్టర్ ఎక్కాలంటే 54 అంగుళాలుండాలి. వెలాసికోస్టర్‌కి 51, హాగ్రిడ్‌కి 48. మా పెద్దాడు ఎక్కగలడు, చిన్నది ఎక్కలేదు. ఒకరు లోపల, ఒకరు బయట. నేనూ మావారూ వంతులు వేసుకుని, రోజంతా ఒకే పార్కులో ఉండి కూడా కలిసి గడిపింది చాలా తక్కువ. స్యూస్ ల్యాండింగ్‌లో చిన్నదానికి బోలెడు ఉన్నాయి, కానీ అక్కడ పెద్దాడికి విసుగు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, మధ్యలో మా అత్తగారిని కూడా ఎక్కించగలిగే రైడ్ కావాలి నాకు. అలాంటిది కడితే దానిమీద ఏ పేరున్నా సరే.

నీటిసుడి అన్నయ్యగారి పడవకి నా ఓటు.

#5 లోడ్ బేరింగ్

నేను సివిల్ ఇంజినీర్‌ని. పార్కుల్లో పని చేయలేదు, కట్టడాలు మాత్రం తెలుసు. కథలోకి వెళ్లేముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి: పాత షెల్, అంటే ఇప్పుడున్న గోడలూ కప్పూ వాడుకుంటామా, పునాది నుంచి కడతామా?

పాతది వాడుకుంటే పని త్వరగా అవుతుంది. కాలిఫోర్నియా డిస్నీలో టవర్ ఆఫ్ టెర్రర్ రైడ్‌ని 2017 జనవరిలో మూసి మే 27కల్లా గార్డియన్స్ రైడ్‌గా తెరిచారు. ఒర్లాండోలో బ్యాక్ టు ద ఫ్యూచర్ 2007 మార్చిలో ఆగితే 2008 మేలో అదే చోట సింప్సన్స్ వచ్చింది. లోపలి సిమ్యులేటర్ పద్ధతి అదే, కథ వేరు.

కానీ పాత షెల్‌తో పాటు పాత ఇబ్బందులూ వస్తాయి. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్కాట్‌లో, నార్వే పెవిలియన్‌లో మేల్‌స్ట్రోమ్ పడవ రైడ్ 2014 అక్టోబరులో ఆగింది, 2016 జూన్‌లో ఫ్రోజెన్ రైడ్‌గా మారింది. పడవలవే, కాలువ అదే. గంటకు ఎంతమంది ఎక్కగలరో ఆ లెక్కా దాదాపు పాతదే. చూడాలనుకునే జనం మాత్రం ఎన్నో రెట్లు. అందుకే అక్కడ ఎప్పుడు చూసినా చాంతాడంత క్యూ.

పొసైడన్ బిల్డింగ్ వాక్‌త్రూ షో కోసం కట్టింది. గుంపుగా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిపించేవారు. పడవ రైడ్‌కి ఒకే మట్టంలో పొడవాటి కాలువ, లోడింగ్, పంపులు, మరమ్మతులకు దారి కావాలి. గదుల మధ్య గోడలు తీస్తే పైకప్పు ఏ స్తంభాల మీద నిలబడుతుందో ముందు చూడాలి. నా అంచనాలో ముఖభాగం ఉంచి వెనక మొత్తం కొత్తగా కట్టడమే మేలు.

#6 సుదూర తీరం

అన్నీ యూనివర్సల్, ఫ్లోరిడా డిస్నీ ఉదాహరణలే వస్తున్నాయి. నేను టోక్యో డిస్నీసీలో చూసినది చెబుతాను. ఈ చర్చకి సరిగ్గా అదే కావాలి అనిపించింది.

2001లో ఆ పార్కు తెరిచినప్పుడు అక్కడ సింద్‌బాద్ ఏడు యాత్రల మీద ఒక పడవ రైడ్ ఉండేది. గంభీరమైన కథ, భయపెట్టే రాక్షసులు. 2007లో దాన్ని మార్చారు. బ్రాండ్ ఏదీ తేలేదు. అదే సింద్‌బాద్, అదే కాలువ, చాలావరకు అవే బొమ్మలు. గడ్డం తీసేసి అతన్ని చిన్నవాడిని చేశారు. పక్కన చందు అనే పులిపిల్లని పెట్టారు (తెలుగువాళ్లం ఆ పేరు విని ఎంత మురిసిపోయామో). డిస్నీ సినిమాల సంగీత దర్శకుడు అలన్ మెంకెన్ చేత పాట చేయించారు, రైడ్ మొత్తం ఆ పాటే వెంట వస్తుంది. భయపెట్టిన రాక్షసుడు స్నేహితుడయ్యాడు. ఇప్పుడు చందు బొమ్మలు చంకన పెట్టుకుని తిరిగేవాళ్లు పార్కంతా కనిపిస్తారు.

లాస్ట్ కాంటినెంట్‌లో కూడా కొరత ఇదేనని నాకనిపిస్తుంది. పురాణగాథలు ఎవరికీ పట్టలేదని మనం అనుకుంటున్నాం. అసలు ఇంటికి తీసుకెళ్లడానికి ఒక ముఖం గానీ, నోట్లో నానడానికి ఒక పాట గానీ ఆ గాథలకు అక్కడ ఎవరూ ఇవ్వలేదు.

#7 నీటిసుడి

సుదూర తీరం గారూ, మీ చివరి వాక్యం నాలుగుసార్లు చదివాను. పొసైడన్ షోలో నాకు గుర్తున్నది గుండ్రంగా సుడి తిరిగే నీళ్ల సొరంగం మధ్యలోంచి నడిచి వెళ్లడం. కథ ఏమిటని అడిగితే నేను కూడా తడబడతాను. 2001లో ఒకసారి మార్చారు కూడా, అయినా నిలవలేదు. ఇంతకాలం మంచి కట్టడాన్ని చూసి మంచి కథ అనుకున్నానన్నమాట. నా ప్లాన్‌లో ఇది లోటే, ఒప్పుకుంటున్నాను.

#8 మంథర

ఒక ఆలోచన చాలా రోజులుగా మనసులో ఉంది. పురాణాలంటే గ్రీకువేనా? క్షీరసాగర మథనం తీసుకోండి. సముద్రం, పర్వతం, తాడుగా పాము, ఇటు దేవతలు, అటు అసురులు, మధ్యలోంచి ఒక్కొక్కటిగా పైకొచ్చే వింతలు. హాలాహలం, ఐరావతం, కల్పవృక్షం, చివర్లో అమృతం. ఒక్కో గదిలో ఒక్కోటి. నీళ్ల రైడ్‌కి ఇంతకన్నా సహజమైన కథ ప్రపంచంలో ఉందా? బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో ఈ ఘట్టాన్నే పెద్ద శిల్పంగా పెట్టారు. ఏ దేశంవాళ్లయినా ఆగి చూస్తున్నారు.

మన పిల్లలు అంత పెద్ద పార్కులో తమ ఇంట్లో విన్న కథని ఒక్కసారి చూసుకుంటే ఎంత బాగుంటుంది!

#9 రాతిమెట్లు

మంథర గారూ, ఆ చివరి వాక్యం చదివి నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. అయినా వద్దనే చెబుతాను. తప్పుగా అనుకోకండి.

పొసైడన్‌కి ఈరోజు సాయంత్రం దీపం పెట్టే ఇళ్లు ఎక్కువ ఉండవు. విష్ణువుకీ శివుడికీ కోట్ల ఇళ్లలో పెడతారు. లాస్ట్ కాంటినెంట్ అంటే కనుమరుగైపోయిన లోకం, శిథిలాల మధ్య తిరగడం. బతికున్న నమ్మకాన్ని శిథిలంగా చూపిస్తే మా అమ్మ చూడలేదు. ఇంకో సంగతి, రైడ్ అన్నాక రోజూ ఏదో ఒకటి ఆగిపోతుంది, చెయ్యి సగంలో నిలిచిపోతుంది, లోపల లైట్లన్నీ వేసి జనాన్ని దింపేస్తారు. హాలాహలం మింగే శివుడు ఆ వెలుగులో మోటారు చెడిపోయి ఉంటే చూడగలమా? విమానాశ్రయంలోది శిల్పం. దాని ముందు నిలబడటం వేరు, సీటుబెల్టు పెట్టుకుని దాటిపోవడం వేరు.

#10 లోడ్ బేరింగ్

రాతిమెట్లు గారి మరమ్మతుల మాట చిన్నది కాదు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ కోస్టర్ 2006లో తెరిచారు. చివర్లో మీదికి దూకాల్సిన భారీ యెతి (మంచుమనిషి) బొమ్మ కొన్నాళ్లకే కదలడం మానేసింది. మెరిసే లైట్లతో కదులుతున్నట్టు చూపించి ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. రైడ్ మూయకుండా, కొండ విప్పకుండా దాన్ని బాగుచేయడం కష్టం. కొత్త రైడ్ గీసేటప్పుడే పెద్ద బొమ్మని బయటకు తీసే దారి గీయాలి. ఈ విషయం ఎవరూ సరదాగా మాట్లాడుకోరు, కానీ పదేళ్ల తర్వాత రైడ్ ఎలా ఉంటుందో తేలేది ఇక్కడే.

#11 మంథర

ఒప్పుకుంటాను, దేవుళ్ల విషయంలో. నేను కథ అందాన్ని చూశాను, ఆగిపోయిన మోటారుని ఊహించలేదు. కానీ మీరు చెప్పిన యానిమల్ కింగ్‌డమ్‌లోనే ఆసియా భాగానికి ఆనందపురం అనే కల్పిత రాజ్యం పేరు పెట్టారు. నిజమైన గుడినీ నిజమైన దేవుణ్నీ తేకుండానే ఆ నేలని తెచ్చారు. మన సముద్ర కథల వాసన అలా రావచ్చు కదా? ఓడ వర్తకులు, ముత్యాలు, సుడిగుండాలు, మాట్లాడే చేపలు. సింద్‌బాద్ ఎలాగూ హిందూ మహాసముద్రంలో తిరిగినవాడే.

#12 కోస్టర్ కుర్రాడు

సరే, పాటర్ వద్దు. మరి నింటెండో వీడియోగేమ్ జెల్డా? శిథిలాలు, గుళ్లు, కత్తి, పజిల్స్, నీళ్ల గుడి కూడా ఉంది. ఎపిక్‌లోని నింటెండో ల్యాండ్‌లో ఎలాగూ జెల్డా లేదు. మైథోస్ ఒక్క రాయి మార్చకుండా అందులో ఒదిగిపోతుంది. ఐపీ, అంటే పేరున్న సినిమా, గేమ్ లాంటి బ్రాండ్ లేకపోతే డబ్బు పెట్టేవాళ్లు ఒప్పుకోరని మీ అందరికీ తెలుసు. మీ పడవ ఎంత అందంగా ఉన్నా కాగితం మీదే ఉండిపోతే ఎవరికి లాభం? నేను అల్లరికి అనడం లేదు. ఈ చోటు మళ్లీ బతకాలని నాకూ ఉంది.

#13 సుదూర తీరం

ఈ చర్చలో ఎదురు వాదనల్లో గట్టిది ఇదే. ఐపీ వస్తే ఆ చోటు పాడవుతుందని నేనూ అనను. 2017లో యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ సినిమా లోకం పాండోరా వచ్చింది. సినిమా పేరు తెలియనివాళ్లు కూడా ఆ తేలే కొండల కింద నోరు తెరుచుకుని నిలబడతారు.

కానీ ఐపీ లేకపోతే డబ్బు రాదన్న మాట పూర్తిగా నిజం కాదు. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ పార్కు ఉంది. 1978 నాటి దెయ్యాల కోట స్పూక్‌స్లాట్‌ని 2022లో మూసి, కూల్చి, 2024 అక్టోబరు 31న అదే చోట డాన్స్ మకాబ్ర్ తెరిచారు. సినిమా లేదు, గేమ్ లేదు. పాత కోటలో వినిపించిన ఫ్రెంచ్ స్వరకర్త సాఁ-సాఁన్స్ సంగీతాన్నే తీసుకుని, దాని పేరే రైడ్‌కి పెట్టి, కొత్త కథ అల్లారు. కోట కూలిపోయిందని ఏడ్చినవాళ్లు ఆ సంగీతం మొదలవగానే తమ చోటుని గుర్తుపట్టారు.

అందుకే నేను ప్రశ్నని ఇలా తిప్పుతాను. జెల్డా రానివ్వండి, సింద్‌బాద్ రానివ్వండి. ఆ స్థలంలో ఏ ఒక్కటి మిగిలితే మనం దాన్ని గుర్తుపడతాం?

#14 ఇద్దరు పిల్లల తల్లి

నీళ్ల చప్పుడు.

#15 నిదానం

చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మకి డెబ్బై దాటాయి. చక్రాల కుర్చీ అక్కర్లేదు, కానీ పది నిమిషాలకి మించి నిలబడలేదు. ఒకసారి ఒక పార్కులో నడుస్తూ చూసే షోకి తీసుకెళ్లాను. మధ్యలో కూర్చోవడానికి ఏమీ లేదు. వెనక్కి వెళ్దామంటే తలుపులు వేసేశారు. మూడో గదిలో అమ్మ నా భుజం పట్టుకుని కళ్లు మూసుకుంది. బయటికొచ్చాక ‘నువ్వు చూశావు కదా, చాలు’ అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాబట్టి వాక్‌త్రూ మళ్లీ వద్దు. ఆ తర్వాత వాన సంగతి. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నం ఉరుములు మామూలే. మెరుపు దగ్గరికొస్తే బయటి కోస్టర్లన్నీ ఆపేస్తారు. అక్కడున్న పెద్ద కోస్టర్లన్నీ బయటివే. అవన్నీ ఒకేసారి ఆగితే అంత జనం ఎక్కడ నిలబడతారు? లాస్ట్ కాంటినెంట్ బజారులో పైకప్పున్న వసారాలు, గోడ వెంబడి రాతి అరుగులు కడితే ఆ గంటసేపు మా అమ్మలాంటివాళ్లు అక్కడే ఉండిపోతారు. అరుగు అన్న మాట కావాలనే రాశాను. బెంచీ అయితే ఇద్దరు కూర్చుంటే అయిపోతుంది. అరుగు మీద కొత్తవాళ్లు వస్తే జరుగుతారు.

#16 నీటిసుడి

నిదానం గారూ, మొదటి పోస్టులోనే ఇంత ఇచ్చారు, ధన్యవాదాలు. అరుగులు నా ప్లాన్‌లోకి వచ్చేశాయి.

మీ అందరి మాటలూ విన్నాక నా గీతలు చాలా మార్చాను. చూడండి.

స్యూస్ వైపు నుంచి వచ్చేటప్పుడు ఇప్పుడున్న మార్పు మరీ హఠాత్తుగా ఉంటుంది. స్యూస్ ల్యాండింగ్‌లో తిన్నని గీతే ఉండకూడదని, 1992 నాటి ఆండ్రూ తుఫానుకి వంగిపోయిన పామ్ చెట్లని తెచ్చి నాటారట. ఆ వంపునే మనం పట్టుకుందాం. తుఫానుకి వంగిన చెట్లు, వాటి పక్కన ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ. అక్కడినుంచి మన రేవు మొదలవుతుంది. రంగులు మెల్లగా వెలిసిపోతూ రాయిలోకి కలవాలి.

ఓడ వెనక రేవు బజారు. మంథర గారు చెప్పిన వర్తకులు, ముత్యాలు ఇక్కడ. వసారాలు, అరుగులు ఇక్కడ. పొసైడన్ ముఖభాగం అలాగే ఉంటుంది, దాని వెనక లోడ్ బేరింగ్ గారు చెప్పినట్టు కొత్త కట్టడం. పడవకి ఎత్తు నిబంధన లేదు, చిన్నపిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చోవచ్చు. క్యూలో గోడ పొడుగునా ఆనుకుని కూర్చునే గట్టు.

కథ ఇది. ఒక చిన్నమ్మాయి, రేవులో దీపం వెలిగించే ముసలాయన మనవరాలు. ఒకరోజు దీపాన్ని సముద్రం మింగేస్తుంది. దానికోసం ఆమెతో పాటు మనం దిగుతాం. మునిగిన ఊళ్ల మీదుగా, నిద్రపోతున్న రాక్షసుల పక్కనుంచి. వాళ్లెవరూ శత్రువులు కారు, దారి అడిగితే చెబుతారు. ప్రతి చోటా ఆమె ఒకే పాట పాడుతుంది, ఒక్కో చోట ఒక్కో చరణం కలుస్తుంది. చివర్లో నీటి సొరంగం. ఈసారి పడవలో కూర్చుని దాటుతాం. సుడి నడుమ దీపం.

కుర్రాడు గారూ, తెరలు వీలైనంత తక్కువ పెట్టాను. ఆ పార్కులో తెరల రైడ్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి. చేత్తో చేసిన బొమ్మలు, నిజమైన నీళ్లు కావాలి.

#17 కోస్టర్ కుర్రాడు

ముసలాయన, మనవరాలు, దీపం. అన్నా, దీనికి జెల్డా అక్కర్లేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం అడుగుతాను: సుడిలోకి వెళ్లేముందు ఒక్క జారుడు పెట్టండి. మరీ పెద్దది వద్దు, కడుపులో చిన్న గుబులు పుడితే చాలు. మా చెల్లి కూడా ఎక్కాలి.

#18 లోడ్ బేరింగ్

జారుడు పెడితే పడవని మళ్లీ పైకి ఎత్తే లిఫ్ట్ కావాలి. అది ఆగితే పడవలన్నీ ఆగుతాయి. ఎత్తు నిబంధన కూడా రావచ్చు. ఆరడుగులకి మించకుండా, తక్కువ వాలుతో అయితే చూడొచ్చు. సుడి సొరంగంలో పడవ నిలిచిపోతే జనాన్ని దింపడానికి పక్కన నడకదారి ఉండాలి. అది బయటికి కనిపించకుండా రాళ్ల వెనక దాచండి. నిదానం గారి అమ్మగారు దిగి నడవాల్సిన దూరం నలభై అడుగులు దాటకూడదు. దానికి తగ్గట్టు మధ్యమధ్యలో తలుపులు పెట్టాలి.

#19 నిదానం

నలభై అడుగులైతే నడుస్తుంది. చేతికి ఆనుకోవడానికి రైలింగ్ ఉంటే చాలు.

#20 రాతిమెట్లు

మైథోస్ గురించి ఎవరూ వాదించలేదు, అదే మంచిది. గుహలాంటి ఆ రాళ్లు, లోపల పారే నీళ్లు, కిటికీలోంచి సరస్సు. దీపం మింగిన సముద్రం ఆ కిటికీలోంచి కనిపించేదే అని ఒక్క మాట చెప్పినా రెస్టారెంట్ కథలో భాగమైపోతుంది.

ఇంకొకటి. సింద్‌బాద్ షో బయట మాట్లాడే ఫౌంటెన్ గుర్తుందా? పిల్లల్ని పిలిచి ప్రశ్నలడిగి, జవాబు చెప్పేలోపే నీళ్లు చల్లేది. మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు, దాని ముందు నలభై నిమిషాలు నిలబడ్డాం. పక్కన రైడ్‌లన్నీ వదిలేసింది. దానికి తెర లేదు, కోస్టర్ లేదు. ఒక గొంతు, కాసిని నీళ్లు, అంతే. నీటిసుడి గారూ, మీ గీతలో ఆ ఫౌంటెన్ ఎక్కడుంది?

#21 నీటిసుడి

లేదు. మరిచిపోయాను, రాతిమెట్లు గారూ. అరుగుల మధ్య పెడుతున్నాను, కూర్చున్నవాళ్లకి కూడా నీళ్లు తగిలేంత దగ్గరగా. దాని గొంతు ఆ ముసలాయనది.